నేల మెత్తబడేదాకా

డ్రై ఫోర్క్ వచ్చిన కొత్తలో జయంతిని భయపెట్టింది చలి కాదు, గాలి. చలికి కోటు ఉంది, గ్లౌజులున్నాయి, ఇంట్లో హీటర్ ఉంది. గాలికి ఏ మందూ లేదు. మోంటానా తూర్పు కొసన చెట్టన్నది కనపడని ఆ మైదానంలో, అది పొద్దున్నే మొదలై, అడ్డొచ్చే దిక్కు లేక చీకటి పడేదాకా వీస్తూనే ఉండేది. కిటికీ సందుల్లో ఈల వేసేది. కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కునేది.

"ఈ ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతున్నారు తేజా?" అని మొదటి వారంలోనే అడిగింది.

"మూడేండ్లే గద జయా. కండ్లు మూసి తెరిస్తే అయిపోతయ్" అన్నాడు తేజేశ్వర్.

అతను డాక్టరు. వరంగల్‌లో చదివి, అమెరికా వచ్చి రెసిడెన్సీ చేశాడు. ఇక్కడే ఉండిపోవాలంటే డాక్టర్లు దొరకని ఊళ్ళో మూడేళ్ళు పనిచేయాలని షరతు. అలా దొరికిన ఊరే డ్రై ఫోర్క్. ఒక రైలు పట్టా, దాని పక్కన గోధుమలు నిలవచేసే పొడుగాటి గాదె, రెండు చర్చిలు, ఒక కిరాణా షాపు, పట్టుమని పది మంచాలు లేని ఆసుపత్రి. జయంతిది గుంటూరు. పెళ్ళికి ముందు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. ఇక్కడ ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఎదురెదురుగా కూర్చుని తెలుగు మాట్లాడుకోవాలంటే, మూడు గంటలు డ్రైవ్ చేసి బిల్లింగ్స్ వెళ్ళాలి.

రెండో చలికాలంలో పాప పుట్టింది.

డ్రై ఫోర్క్ ఆసుపత్రిలో కాన్పులు చేయడం మానేసి చాలా కాలమైంది. నెలలు నిండేముందే బిల్లింగ్స్ వెళ్ళి, అక్కడ గది తీసుకుని ఉండాలనుకున్నారు. కానీ నెల ముందే, ఫిబ్రవరిలో, మంచు తుఫాను దిగిన రోజునే నొప్పులు వచ్చాయి. రోడ్లు మూసేశారు. హెలికాప్టర్ ఎగరదన్నారు. ఆసుపత్రిలో ఆ పూట ఉన్నది ఒక నర్సు, ఒక డాక్టరు. ఆ డాక్టరు తేజేశ్వరే.

పాప పుట్టగానే సన్నగా మూలిగింది. ఏడుపు రాలేదు. ఊపిరి అందడం లేదని తండ్రికి వెంటనే అర్థమైంది. బిల్లింగ్స్‌లోని పిల్లల డాక్టరు ఫోన్‌లో చెబుతూ ఉంటే, తేజేశ్వర్ ఆ చిన్న ముఖం మీద మాస్క్ పెట్టి, రబ్బరు బ్యాగు నొక్కుతూ నిలబడ్డాడు. నర్సు కాసేపు తను నొక్కుతానంటే ఒప్పుకోలేదు. పేరేమిటని నర్సు అడిగితే, మంచం మీంచి జయంతి "అవని" అంది. వాళ్ళింకా ఏ పేరూ ఖాయం చేసుకోలేదు. నోటికొచ్చింది, అనేసింది. మర్నాడు మధ్యాహ్నం దాకా బయట తుఫాను ఆగలేదు. లోపల అతని చేతులు అంతకు కాస్త ముందే ఆగాయి.

ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు. అమెరికా తూర్పు కొసన ప్లెయిన్స్‌బరోలో ఉండే మేనమామ పద్మనాభానికి తేజేశ్వర్ ఫోన్ చేశాడు. ఆయన పెద్దమనిషి, ఆచారాలు తెలిసినవాడు.

"పండ్లు రాని బిడ్డకు దహనం ఉండదు నాయనా" అన్నాడాయన. "భూమిలనే పెట్టాలె. తల్లిని తోల్కపోకు. గుర్తు గిట్ల ఏం పెట్టద్దు. ఇంటికొచ్చి తలకు పోస్కో. మళ్ళ ఆ ముచ్చట తియ్యద్దు."

భూమిలో పెట్టడమంటే అక్కడ మాటలు కాదు. ఆ నెలలో నేల ఇనుములా ఉంటుంది. శ్మశానం చూసుకునే కర్ట్ అనే మనిషి, ఇనప పీపాను నిలువునా రెండుగా కోసి, ఒక ముక్కను నేల మీద బోర్లించి, దాని కింద బొగ్గులు రాజేశాడు. నేల మెత్తబడేదాకా రెండు రోజులు ఆ నిప్పు కాచాడు. తర్వాత తవ్వాడు. తేజేశ్వర్, కర్ట్ ఇద్దరే వెళ్ళారు. తేజేశ్వర్ ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. మేనమామ చెప్పింది చెప్పినట్టు పాటించాడు. ఆ ముచ్చట మళ్ళీ తీయలేదు.

జయంతి ఒంటికి మాత్రం ఆ సంగతి తెలియలేదు. మూడో రోజుకి పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, జాకెట్లు తడిసిపోతుంటే అమ్మకి ఫోన్ చేసింది.

"మల్లెపూలు కట్టుకో తల్లీ, పాలు వెనక్కి పోతాయి" అని, వెంటనే తనే ఏడ్చేసింది అమ్మ. "నా పిచ్చి గానీ, అక్కడ నీకు మల్లెపూలు ఎక్కడ్నుంచి వస్తాయే!"

ఆ మధ్యాహ్నమే తలుపు చప్పుడైంది. వీధి చివర ఇంట్లో ఉండే డోరిస్ అనే ముసలావిడ నిలబడి ఉంది. అంతకు ముందు ఆమెతో జయంతికి కిరాణా షాపులో చెయ్యూపడం వరకే పరిచయం. డోరిస్ ఒక చేత్తో బంగాళదుంపల వంటకం, ఇంకో చేత్తో ఒక క్యాబేజీ పట్టుకుని లోపలికొచ్చింది. వంటకం బల్ల మీద పెట్టింది. క్యాబేజీ ఆకులు ఒలిచి ఫ్రిజ్‌లో పెట్టింది.

"చల్లబడ్డాక జాకెట్ లోపల పెట్టుకో, పాలు తగ్గుతాయి. వాడిపోతే మార్చు" అంది. పరామర్శ మాట ఒక్కటీ అనలేదు. పొద్దు వాలేదాకా కూర్చుని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

డోరిస్ ఆ ఊరి మ్యూజియం నడిపేది. మ్యూజియమంటే మూతబడ్డ పాత బ్యాంకు గది. గుర్రపు జీనులు, కుట్టు మిషన్లు, పెళ్ళి గౌన్లు, వాటి మధ్య ఒక అలమర నిండా క్యాసెట్లు. యాభై ఏళ్ళ కిందట, ఊరి బడిలో మాస్టారు ఒకాయన, అప్పటికి బతికున్న ముసలివాళ్ళ దగ్గరకి టేప్‌రికార్డర్ పట్టుకెళ్ళి వాళ్ళ బతుకులు చెప్పించాడు. గవర్నమెంటు నేల ఉచితంగా ఇస్తుందంటే నార్వే నుంచి, జర్మనీ నుంచి వచ్చి, ఆ బీడులో గుడిసెలు వేసుకున్న మొదటి కాపుల గొంతులవి. వాటిని టైపు చేయించాలని డోరిస్ ఆశ.

"నాకు చెవులు పోతున్నాయి" అంది ఏప్రిల్‌లో ఒకరోజు. "ఆ టేపుల్లో మా అత్తగారి గొంతు కూడా ఉంది. వింటే గాలి చప్పుడే వినిపిస్తోంది. నువ్వు విని పెడతావా?"

జయంతి ఇంట్లో ఉండలేక ఒప్పుకుంది. తేజేశ్వర్ కూడా సరేనన్నాడు. ఏదో ఒక పని ఉంటే మంచిదన్నాడు.

మొదట్లో ఆ యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక్కో వాక్యానికి నాలుగుసార్లు వెనక్కి తిప్పేది. చెవి అలవాటుపడ్డాక మాత్రం వాళ్ళు ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. ఒక ముసలాయన, చెట్లు లేని చోట పొయ్యిలోకి ఎండిన పేడ ఏరుకొచ్చేవాళ్ళమని, ఆ పేడ చేత్తో పట్టుకోవడానికి కొత్త కోడళ్ళు ఏడ్చేవాళ్ళని చెబుతుంటే, జయంతికి చాలా కాలం తర్వాత నవ్వొచ్చింది. "పిడకలే కదయ్యా, దానికి ఏడవడమెందుకు!" అంది తెలుగులో, మిషనుతో. నాలుక మీద పెట్టుకుంటే సబ్బులా ఉండే ఉప్పునీళ్ళు. గోడ సందుల్లో గాలి రాకుండా అతికించిన పాత పేపర్లు, వాటి మీదే అక్షరాలు నేర్చుకున్న పిల్లలు. వాన పడితే బండి చక్రాలకి పట్టుకుని వదలని జిగురుమట్టి. గాలి హోరుకి తట్టుకోలేక ఒకామె తలుపు తీసి అలా నడుచుకుంటూ వెళ్ళిపోయిందని, రెండు రోజులకి కంచె దగ్గర దొరికిందని ఎవరో ఎంత మామూలుగా చెప్పారంటే, జయంతి టైపు చేస్తూ చేస్తూ ఆ వాక్యం దాటాక గానీ ఆగలేదు.

మే నెలలో ఇంగా రోస్టాడ్ అనే ముసలావిడ టేపు వచ్చింది.

ఇంగా గొంతు పొడిగా, తొందర లేకుండా ఉంది. బట్టలుతికే రోజు గురించి చెప్పింది. రొట్టె పులియడానికి పిండిగిన్నె పక్కలో పెట్టుకుని పడుకునేదాన్నని చెప్పింది. చలికాలం ఎలా గడిచేదని మాస్టారు అడిగితే అదే గొంతుతో చెప్పుకుపోయింది.

"ఒక చలికాలం మా చిన్నవాడు ఓలే పోయాడు. గొంతులో పొర కట్టే జబ్బు. మూడేళ్ళవాడు. నేల రాయిలా ఉంది, గునపం దిగలేదు. మా ఆయన బండి చెక్కలు ఊడదీసి పెట్టె చేశాడు. వసంతం దాకా గోధుమల గదిలో పెట్టాం. ఎలుకలు ముట్టుకుంటాయని పైన దూలానికి తాడేసి కట్టాడు. కోళ్ళకి గింజలు తీయడానికి రోజూ నేను ఆ గదిలోకే వెళ్ళాలి కదా. గుడ్ మార్నింగ్ చెప్పేదాన్ని."

టేపులో గోడ గడియారం చప్పుడు, కిటికీ బయట గాలి. తర్వాత మాస్టారి గొంతు వచ్చింది.

"వెన్న తీసే మిషను మీ ఇంటికి ఎప్పుడొచ్చింది మిసెస్ రోస్టాడ్?"

ఆమె మిషను గురించి చెప్పింది.

జయంతి టేపు ఆపింది. ఆ మాస్టారి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. చచ్చి ఎన్నేళ్ళయిందో ఆ మనిషి, అయినా చెంప పగలగొట్టాలనిపించింది. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నది. టేపు చివర్లో ఇంకో సంగతి ఉంది. వసంతంలో ఓలేని గుడిసె వెనక మిట్ట మీద పాతిపెట్టారు. తర్వాత వరసగా కరువులు వచ్చి, ఆ నేల వదిలేసి పట్నం పోయారు. చాలా ఏళ్ళకి కారేసుకుని ఒకసారి వెతుక్కుంటూ వస్తే, ఎక్కడ పెట్టారో ఇంగాకే తెలియలేదు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ ఇదంతా తేజేశ్వర్‌కి చెప్పింది. అతను కంచం వైపే చూస్తూ విన్నాడు.

"గవన్నీ ఎందుకు వింటున్నవ్ జయా? మానెయ్. డోరిస్‌కి నేన్ చెప్త."

"నువ్వేం చెప్పక్కర్లేదు."

"నీ మంచికే అంటున్న."

"నా మంచి సంగతి నీకెందుకులే" అంది. అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు.

జూన్‌లో గడ్డి పచ్చబడ్డాక, రోస్టాడ్ వాళ్ళ నేల ఎక్కడో తెలుసా అని కర్ట్‌ని అడిగింది. అతనికి తెలుసు. ఇప్పుడది ఎవరిదో పశువుల బీడు. ఒక ఆదివారం తన ట్రక్కులో తీసుకెళ్ళాడు. రోడ్డు అయిపోయాక గడ్డిలోనే చాలా దూరం పోయారు. గుడిసె కూలి చెక్కల కుప్పైంది. తుప్పు పట్టిన ఇనుప మంచం ఒకటి గడ్డిలో నిలబడి ఉంది. గుడిసె వెనక ఒకటి కాదు, మూడు మిట్టలున్నాయి. జయంతి మూడూ ఎక్కింది. ఒకదాని మీద కొన్ని రాళ్ళు ఒకచోట కుప్పగా ఉన్నాయి. ఆవులు ఒళ్ళు రుద్దుకున్న రాళ్ళు, వాటి మీద వెంట్రుకలు.

"ఇదేనంటారా?" అని అడిగింది.

కర్ట్ టోపీ వెనక్కి తోసుకుని చూశాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "అయ్యుండొచ్చు. దున్నేటప్పుడు అడ్డొచ్చిన రాళ్ళు ఏరి పోసిన కుప్ప కూడా అయ్యుండొచ్చు. చెప్పలేమమ్మా."

తిరిగి వస్తుంటే జయంతి గుట్ట మీదున్న ఊరి శ్మశానం దగ్గర ఆపమంది. పాప పోయాక ఆమె అక్కడికి రావడం అదే మొదలు. కర్ట్ ముందు నడిచి చూపించాడు. గుర్తుకి అతనే నేలలో గుచ్చిన రేకు పుల్ల, దానికి ప్లాస్టిక్ కింద ఒక కాగితం ముక్క. ఎండకి కాగితం మీది సిరా పూర్తిగా ఎగిరిపోయింది. చుట్టూ ఉన్న గడ్డికీ, దాని మీద గడ్డికీ తేడా లేదు. కర్ట్ చూపించకపోతే ఆమె తన బిడ్డ మీద నుంచే నడిచి వెళ్ళిపోయేది.

ఇంటికొచ్చేసరికి తేజేశ్వర్ షూస్ విప్పుకుంటున్నాడు.

"మనం రాయి పెట్టాలి తేజా. పేరు రాయించాలి."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"మామ చెప్పిండు గద. గుర్తులు పెడితే అది పోదు, ఇక్కడిక్కడనే తిరుగుతది. పోనీయాలె జయా."

"ఎక్కడికి పోవాలి? రేపు మనం వెళ్ళిపోతాం. తర్వాత దాన్ని ఆవులు తొక్కుతాయా? నువ్వు దాన్ని అక్కడ పెట్టి వచ్చావు, స్నానం చేశావు, డ్యూటీకి పోయావు. నీకు అయిపోయింది. నాకు..."

"నాకు అయిపోయిందా?" తేజేశ్వర్ చేతిలో షూ అలాగే ఉంది. "నాకెట్ల అయిపోతది? బ్యాగు ఆపింది ఎవరనుకున్నవ్? బిల్లింగ్స్ డాక్టర్ అన్నడు, ఇంక లాభం లేదు, మీరే చెప్పాలె అన్నడు. నర్సు గడియారం దిక్కు చూస్తాంది. చచ్చిపోయిన టైమ్ చెప్పాలె గద, డాక్టర్ చెప్తెనే రాస్తరు. నా బిడ్డ టైమ్ నేనే చెప్పిన జయా. నా నోటితోటి."

అంతవరకూ ఆ సంగతి జయంతికి తెలియదు. ఆ గదిలో తనూ ఉంది. కానీ ఆ క్షణాన ఆమె గోడ వైపు తిరిగి ఉంది. వెళ్ళి అతని పక్కన నేల మీద కూర్చుంది. అతని చేతిలోంచి షూ తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు, బయట వెలుతురు ఉన్నంతసేపూ.

రాయి గురించి ఆమె మళ్ళీ ఎత్తలేదు. కోతలు అయిపోయిన రోజుల్లో కర్ట్ రోడ్డు మీద కనబడి, డాక్టరు గారు రాయి చేయమన్నారని, వారంలో పెడుతున్నానని చెప్పాడు. చిన్న బూడిదరంగు రాయి. ఇంగ్లీషులో పేరు, సంవత్సరం. ఒక్కటే సంవత్సరం. పెట్టిన రోజు జయంతి లోపలికి వెళ్ళింది. తేజేశ్వర్ గేటు దగ్గర కారులోనే, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఏడు ఆసుపత్రిలో మంచాలు ఎత్తేశారు. ఒక చిన్న క్లినిక్ మాత్రం మిగిలింది. తేజేశ్వర్ మూడేళ్ళు కూడా ముగిశాయి. అతనికి కాపెల్ దగ్గర ఉద్యోగం దొరికింది. డాలస్ పక్క ఊరు, వీధికి నాలుగు తెలుగు ఇళ్ళు, గుడి, ఇండియన్ స్టోర్లు, తలుపు తీస్తే పలకరించే మనుషులు. డ్రై ఫోర్క్ వచ్చిన మొదటి రోజు నుంచీ జయంతి కోరుకున్నవన్నీ అక్కడ ఉన్నాయి. తీరా సామాన్లు సర్దుతుంటే, ఆమె పెట్టెలో పెట్టినవే మళ్ళీ బయటికి తీసేది.

వెళ్ళేముందు డోరిస్ ఆమెని మ్యూజియానికి రమ్మంది. "ఇన్నాళ్ళూ అందరివీ విన్నావు. నువ్వూ ఈ ఊళ్ళో కాపురం చేసినదానివే. నీది కూడా ఉండాలి" అని బల్ల మీద ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కింది.

జయంతి చెప్పడం మొదలుపెట్టింది. కరివేపాకు కుండీ ఎన్నిసార్లు చచ్చిపోయిందో చెప్పింది. చలికి ఇడ్లీపిండి పులవక, ఓవెన్‌లో లైటు వేసి లోపల పెట్టేదాన్నని చెప్పింది. ఉతికి బయట ఆరేసిన చీర, గాలికి ఎగిరి ఎవరి గోధుమ చేలోనో దొరికిన సంగతి చెబితే డోరిస్ నవ్వింది.

"చలికాలాలు ఎలా గడిచాయి?" అని అడిగింది డోరిస్.

"బాగా కష్టంగా. రెండో చలికాలంలో మాకు పాప పుట్టింది, పోయింది. ఇడ్లీపిండి అయితే..." జయంతికి తను ఏమంటున్నదో అప్పుడు వినపడింది. తన గొంతు కూడా పొడిగా, తొందర లేకుండా ఉంది.

డోరిస్ తలూపుతోంది. ఆ ఊపులో ఏ తేడా లేదు. చెవి మిషను సర్దుకుంటూ, "మరి కూరగాయలకి ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది.

వినపడలేదు ఆవిడకి. క్యాబేజీ తెచ్చిన ఆవిడకే.

జయంతి కుర్చీ దగ్గరకి జరుపుకుంది. డోరిస్ చెవి దగ్గరకి వంగింది. "మాకు పాప పుట్టింది!" అని అరిచింది. ఆ పాత బ్యాంకు గది ఖంగుమంది. "పేరు అవని! తుఫాను రోజున పుట్టింది! వాళ్ళ నాన్న ఒక రోజంతా ఊపిరి పోశాడు! అయినా చచ్చిపోయింది! గుట్ట మీద ఉంది!"

ఆమె అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు, ప్రసవం రోజున కూడా. బయట పేవ్‌మెంట్ మీద పోతున్న ఒకాయన ఆగి అద్దంలోంచి చూశాడు. డోరిస్ ఈసారి వింది. ముడతల చేతులు చాచి జయంతి రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పు" అంది. "ఎలా ఉండేది?"

ఎవరూ అడగని మాట అది. జయంతి చెప్పింది. జుట్టు ఒత్తుగా ఉండేదని, చెవి తమ్మెలు తండ్రివని, మాస్క్ కింద ముక్కు సరిగ్గా చూడలేకపోయానని. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేదాకా చెప్పింది.

కాపెల్ వెళ్ళిన మొదటి వేసవి ఇద్దరూ కారులో డ్రై ఫోర్క్ వచ్చి వెళ్ళారు. రెండో వేసవి కుదరలేదు. ఆ చలికాలంలోనే డోరిస్ పోయింది. మ్యూజియం నడిపేవాళ్ళు లేక మూసేశారు. క్యాసెట్లూ, జయంతి టైపు చేసినవీ, ఆమె మాటలూ పెట్టెల్లో పెట్టి ఎక్కడికో పంపించారని కర్ట్ చెప్పాడు. ఎక్కడికో అతనికీ తెలియదు.

కాపెల్‌లో కొత్తగా పరిచయమైన వాళ్ళు పిల్లలెంతమంది అని అడుగుతారు. జయంతి "ఒక పాప, లేదు" అంటుంది. ఎదుటివాళ్ళు తడబడి బిర్యానీ మాటెత్తుతారు. ఆమె ఏమీ అనుకోదు. ఈమధ్య పాప ముఖం గుర్తు చేసుకోబోతే సరిగ్గా అందడం లేదు. దానికే భయపడుతుంది.

ఈ ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆమె వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. హాల్లో టీవీలో మోంటానా తుఫాను వార్త వచ్చి, వెంటనే టీవీ ఆగిపోయింది. తేజేశ్వర్ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, మెల్లగా.

"కర్ట్, నేను డాక్టర్ తేజ్. అక్కడ మంచు ఎంత పడింది?"

అవతలి మాట వినపడలేదు.

"రాయి కనబడుతోందా?"

తేజేశ్వర్ వింటున్నాడు.

"సరే. సరే. కానీ ఎక్కడుందో నీకు తెలుసు కదా?"

జయంతి కత్తి పక్కన పెట్టి, హాల్లోకి వెళ్ళకుండా, అక్కడే నిలబడి విన్నది.